చంద్రమ్మ చేయించిన నీళ్ళ తహకీకాత్

మొగుడు పోయాక చంద్రమ్మకు వారసత్వంగా రేగులకుంట కింద కాస్త తరిపొలం, ఒక మోటబావి, ఒక జత ఎడ్లు, ఒక కేసు వచ్చాయి. పొలం ఎట్లా చేయాలో ఆమెకు తెలుసు. ఎడ్లు ఆమె గొంతు గుర్తుపట్టేవి. కేసు సంగతే అంతుపట్టలేదు.

కేసు వేసింది ఆమె మొగుడు పోచయ్య. వేసింది చిన్నాయన మీద. కొండాపూర్‌లో రెండిళ్ళకూ మధ్య ఒక్క మట్టిగోడే అడ్డం. కుంట తూము నుంచి బయలుదేరే కాలువ ముందు చిన్నాయన మళ్ళను తడిపి, ఆ తర్వాత పోచయ్య మళ్ళలోకి దిగేది. ఒక ఏడు ఆ చిన్నాయన కాలువ పక్కనున్న మెట్ట చెలకను చదును చేసి కొత్త మళ్ళు కట్టాడు. పారే నీళ్ళన్నీ ఆ మళ్ళకే సరిపోయాయి. కింద పోచయ్య వరి పొట్టమీద ఉండగానే ఎండిపోయింది. పోచయ్య గడ్డపార తీసుకుపోయి కట్ట తెంపాడు. చిన్నాయన కర్ర పట్టుకొని వచ్చాడు. పెద్దమనుషులు కూర్చున్నారు, లేచారు, మళ్ళీ కూర్చున్నారు. ఎటూ తెగలేదు. పోచయ్య పట్నం పోయి వకీలును పెట్టుకున్నాడు.

కొన్నేళ్ళకు చిన్నాయన చనిపోయాడు. కేసు ఆయన కొడుకు ఎల్లేశం మీదికి వచ్చింది. ఆ తర్వాత చలిజ్వరంతో పోచయ్య పోయాడు. కేసు చంద్రమ్మ మీదికి వచ్చింది. అది పంతొమ్మిది వందల నలభై ఏడో సంవత్సరం.

పోచయ్య దినాలు అయిన కొద్ది రోజులకే ఒక పొద్దున ఎల్లేశం వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నెత్తికి రుమాలు చుట్టి, భుజాన సద్దిమూట వేసుకున్నాడు.

"వదినె, ఇయ్యాల పేషీ ఉన్నది. పోదాం పా. బండి తప్పితే తారీఖు తప్పుతది."

చంద్రమ్మ తెల్లబోయింది. "నీ మీదనే గద కేసు. నీతోనే రావాల్నా?"

"అన్న గూడ నాతోనే వచ్చేటోడు. తొవ్వ ఒక్కటే, రైలు ఒక్కటే. ఒక్కదానివి పోతె పొద్దు పోతదా?"

ఆ మాట నిజమేనని ఆమెకు లింగంపల్లి స్టేషన్‌లో తెలిసింది. టికెట్లిచ్చే మనిషి ఎల్లేశాన్ని చూసి, "మీ అన్న రాలేదేంది?" అని అడిగాడు. ఎల్లేశం తల దించుకున్నాడు. రైల్లో సద్దిమూట విప్పి జొన్నరొట్టె సగం చేసి ఆమెకు ఇచ్చాడు. తీసుకోవాలో వద్దో ఆమెకు తోచలేదు. ఆకలి వేసి తీసుకుంది.

వాళ్ళ ఊరు ఒక జాగీరు కింద ఉండేది. ఆ జాగీరుకు పట్నంలో సొంత కచేరి ఉండేది. అక్కడ మాట్లాడేదంతా ఉర్దూ. చంద్రమ్మకు ఒక్క ముక్క రాదు. చప్రాసి బయటికొచ్చి గట్టిగా పిలిచాడు. అందులో 'పోచయ్య' అన్న మాట వినగానే ఆమె లేచి నిలబడింది. ఆ పేరు వెనకాల 'మర్హూం' అని ఇంకేదో అన్నాడు.

"ఆయన పేరుకు ఏదో కలిపి పిలుస్తున్నరు. గదేంది ఎల్లేశా?"

"అన్న ఇగ లేడు అని," అన్నాడు ఎల్లేశం.

లోపల జడ్జి ఏదో అన్నాడు. మున్షి ఏదో రాశాడు. వకీలు వెంకటనారాయణ, పోచయ్య పెట్టుకున్న ముసలి వకీలు దగ్గర కొత్తగా చేరి ఈ కేసు చూస్తున్నవాడు, వంగి సలాం చేశాడు. అందరూ బయటికొచ్చారు.

"ఏమైంది?" అంది చంద్రమ్మ.

"కేసు ఏసిన ముద్దయి పోయిండు గద. వారసురాలి పేరు ఎక్కించాల్నట. మల్ల తారీఖు ఇచ్చిన్రు," అన్నాడు ఎల్లేశం.

"మరి నీళ్ళ సంగతి?"

"నీళ్ళ సంగతి అడగలె."

తన మీద కేసు వేసినవాళ్ళకు తానే కేసు సంగతి విడమరిచి చెబుతున్న ఎల్లేశాన్ని నమ్మాలా వద్దా అని ఆమె దారి పొడుగునా ఆలోచించింది. వచ్చే పేషీకి వెంకటనారాయణను పట్టుకొని అదే మాట అడిగింది. ఆయనా అదే చెప్పాడు. ఆ తర్వాత ఎల్లేశం మాటే వేదం. కచేరి మెట్ల మీద అతడు ఆమెకు దుబాసి. ఊరి పొలిమేర దాటగానే మాత్రం ఇద్దరూ మాటలు బంద్ చేసేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళు విరోధులు గనుక అట్లానే ఉండాలని ఇద్దరికీ అనిపించేది.

నలభై ఎనిమిదిలో తొవ్వలు చెడ్డాయి. రజాకార్ల భయానికి పొద్దు వాలితే ఎవరూ ఊరు దాటలేదు. రెండు మూడు పేషీలకు ఎవరూ పోలేదు. వానాకాలం చివర్లో బొంబాయి సడకు మీద మిలిటరీ లారీలు పోయాయి. అందరూ నిజాం రాజ్యం పోయిందన్నారు. పోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. పట్వారీ అదే పట్వారీ. కుంట అదే కుంట. కాలువలో నీళ్ళు మాత్రం ఆ ఏడూ ఎల్లేశం మళ్ళ దగ్గరే ఆగాయి.

మరుసటి ఎండాకాలం వకీలు కబురు పెట్టాడు. ఇద్దరూ పోయారు. కచేరి వరండాలో జనం గుంపులు గుంపులుగా ఉన్నారు. కొందరు అరుస్తున్నారు. కొందరు ఊరికే గోడకు ఆనుకొని కూర్చున్నారు. వెంకటనారాయణ వాళ్ళను ఒక వేపచెట్టు నీడకు తీసుకుపోయాడు.

"కచేరి లేదు చంద్రమ్మా. జాగీరు కచేరీలు ఎత్తేస్తున్నరు. కొన్ని కేసులు సర్కారు కచేరికి మారినయి. కొన్ని కొట్టేసిన్రు. మనది కొట్టేసిన దాంట్ల పడ్డది."

"ఎందుకు పడ్డది?"

"నేనూ అడిగిన. ఎవ్వరు చెప్తలేరు."

ఎల్లేశం ముందుకొచ్చాడు. "సాబ్, అయితే గెలిచింది ఎవరు?"

"ఎవ్వరు గాదు."

"మరి ఓడింది?"

"ఎవ్వరు గాదు. కావాల్నంటే కొత్త కచేరిల మల్ల మొదటిసంది ఎయ్యాలె."

ఎల్లేశం చంద్రమ్మ వైపు చూశాడు. అతడు సంబరపడతాడని ఆమె అనుకుంది. తీరా చూస్తే అతడి మొహం వాడిపోయి ఉంది. "సంతోషపడాల్నో ఏడ్వాల్నో సమజైతలేదు వదినె," అన్నాడు. "మా నాయిన గీ కేసులనే ముసలోడయిండు."

వెంకటనారాయణకు ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. ఆ రోజు అతనికి కోపంగా ఉంది. కోపం ఎవరి మీద చూపాలో తెలియక వాళ్ళిద్దరి ముందే మాట్లాడాడు. తన దగ్గర ఇట్లాంటి నీళ్ళ కేసులు ఒక సందుగ పెట్టె నిండా ఉన్నాయన్నాడు. ఒక్కటీ తేలలేదన్నాడు. ఎందుకు తేలలేదో ఎవరూ పట్టించుకోలేదన్నాడు. కొత్త కచేరీలు వస్తున్నాయి గనుక, ఇప్పుడే ఎవరైనా కూర్చొని పాత నీళ్ళ కేసులన్నీ చదివి, ఏ కేసు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని రాసి పైకి పంపితే బాగుంటుందన్నాడు.

"పంపితే ఏమైతది?" అని చంద్రమ్మ అడిగింది.

"కొత్త కచేరి పాత కచేరి లెక్క కాకుంట ఉంటదేమో."

"గది గూడ కేసేనా?"

"కేసు గాదు. తహకీకాత్ అంటరు. కేసులు ఎట్ల నడుస్తున్నయో పరిశీలించుడు."

"ఎవరి తరఫున?"

"ఎవ్వరి తరఫున గాదు."

"ఎవ్వరి తరఫున గాకుంటె మరెందుకు చేసుడు?"

వకీలు నవ్వాడు. రాజయ్య అని ఒక మున్షి ఉన్నాడని, ఏళ్ళ తరబడి కచేరిలో కేసు కాగితాల మిసిళ్ళు చూసి నౌకరి నుంచి దిగిపోయాడని, ఉర్దూ తెలుగు రెండూ రాస్తాడని చెప్పాడు. అతడు ఏడాది పాటు వేరే పని పెట్టుకోకుండా కూర్చుంటే ఇది అవుతుందన్నాడు. "కానీ అన్ని దినాలు ఆయన ఇల్లు గడవాలె గద. ఎవరిస్తరు? పెద్దపెద్దోళ్ళను అడిగిన. ఎవరి తరఫున అని నువ్వు అడిగినట్టే అడిగిన్రు."

తిరుగు రైల్లో ఎల్లేశం నిద్రపోయాడు. చంద్రమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పోచయ్య జ్వరంలో కూడా తారీఖు ఎప్పుడని అడిగేవాడు. వానలో పోయాడు, ఎండలో పోయాడు. వచ్చిన ప్రతిసారీ కాళ్ళు కడుక్కుంటూ, "ఇగ అయిపోతదే, వచ్చేసారి తేలుతది," అనేవాడు. అన్ని ఏళ్ళ నడక ఎటు పోయిందో ఆమెకు తెలుసుకోవాలనిపించింది. మళ్ళీ కేసు వేస్తే నీళ్ళు రావచ్చు, రాకపోవచ్చు. కానీ ఆయన తిరిగిన తిరుగుడు ఏమైందో ఏ కేసూ చెప్పదు. ఈ తహకీకాత్ చెబుతుందా? అదీ ఆమెకు తెలియదు.

కేసు ఖర్చుల కోసం గుమ్మిలో వడ్లు దాచి ఉంచింది. అవి తీసి మున్షికి పంపుతానని ఇంట్లో చెప్పింది. ఇల్లరికం వచ్చిన మొగుడితో ఆ ఇంట్లోనే ఉంటున్న కూతురు కనకలక్ష్మి చాట కింద పడేసి లేచింది.

"అవ్వా, నీకేమన్న పిచ్చి లేసిందా? కేసు ఏస్తె నీళ్ళన్న వస్తయి. గీ తహకీకాత్‌తోని ఏమొస్తది?"

"నాకేం ఎరుక?"

"ఎరుక లేకనే ఇస్తవా?"

"మీ నాయిన ఏమొస్తదో ఎరుకుండి పోయిండా కచేరికి?"

కనకలక్ష్మి ఏడ్చింది. చంద్రమ్మకూ ఏడుపొచ్చింది. కూతురి మాట తప్పని ఆమెకు అనిపించలేదు. తన మాటా తప్పనిపించలేదు.

ఈ మాటలన్నీ గోడ అవతల ఎల్లేశం విన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పేషీ పిలుపుకు తప్ప అతడు ఆ ఇంటికి రావడం ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి.

"వదినె, నువ్వొక్కదానివే ఇస్తె మున్షి నీ తరఫున రాస్తడు. నేను ఊకుంటనా? నేను గూడ ఇస్తున్న. నీకు సమానంగ."

"ఎవ్వరి తరఫున గాదని వకీలు చెప్పె గద."

"చెప్పిండు. అయినా నా భయం నాకుండదా?"

రెండు ఇళ్ళ వడ్లూ ఒకే కుంచంతో కొలిచారు. కొలుస్తున్నప్పుడు ఎల్లేశం కళ్ళు ఆమె రాశి మీదే, ఆమె కళ్ళు అతడి రాశి మీదే. ఎల్లేశం పెళ్ళాం భూలక్ష్మి సంచుల మూతులు కుడుతూ, "కొట్లాడుటానికి ఖర్చయింది, కొట్లాట సంగతి చదివించుటానికీ ఖర్చేనా?" అని గొణిగింది. ఒకే బండి మీద వడ్లు పట్నం పోయాయి. వాదీ ప్రతివాదీ ఇద్దరూ ఒకే బండి మీద దిగడం చూసి రాజయ్య మున్షి, వీళ్ళు రాజీ పడ్డారేమో అనుకున్నాడట. కాదని ఇద్దరూ గట్టిగా చెప్పారు.

ఆ వడ్లతో ఏడాది గడవదు. మిగతావాళ్ళను అడుగుదామని చంద్రమ్మే బయలుదేరింది. కచేరి వరండాలో మొహాలు తెలిసినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ పోయింది. ప్రతి చోటా ఇదేమిటో విడమరిచి చెప్పాల్సి వచ్చింది. తనకే సరిగ్గా తెలియని దాన్ని ఎట్లా చెబుతుంది? లింగంపల్లిలో ఒక విధంగా చెప్పింది, మాదాపూర్‌లో ఇంకో విధంగా చెప్పింది. ఒకాయన ఇది కొత్త పన్నేమో అనుకొని తలుపు వేసుకున్నాడు. ఇంకొకాయన తన కేసు ముందు తేల్చమని సంచి వడ్లు ఇవ్వబోయాడు. అట్లా కాదని ఆమె చెప్పగానే సంచి వెనక్కి లాక్కున్నాడు.

కోకాపేట ఆమె పుట్టినూరు. అక్కడ తమ్ముడు రామన్నకు కాలువ తగాదా ఒకటి నడుస్తోంది. నడిచి నడిచి అలసిపోయిన చంద్రమ్మ తమ్ముడి ముందు ఒకే ముక్కలో చెప్పింది.

"కచేరికి ఏదో రోగమొచ్చిందిర తమ్మీ. ఏం రోగమో చూసేటందుకు వైద్యుణ్ణి పెడుతున్నం."

"మందిస్తడా?"

"మందియ్యడు. నాడి చూసి చెప్తడు, అంతే."

"మందియ్యని వైద్యునికి ఎవరన్న ఇస్తరా అక్కా?"

చంద్రమ్మ నొచ్చిన కాళ్ళు పిసుక్కుంటూ కూర్చుంది. రామన్న లోపలికి పోయి ఒక సంచి జొన్నలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఎందుకిచ్చాడో అతడూ చెప్పలేదు.

అదే ఊళ్ళో బుచ్చమ్మ అని ఒక ముసలామె ఉంది. చెవులు వినపడవు. నీళ్ళు, కుంట అన్న మాటలు మాత్రమే ఆమె చెవిన పడ్డాయి. కట్టమైసమ్మకు బోనం ఎత్తుతున్నారనుకొని ఒక మూట బెల్లం ఇచ్చింది. చంద్రమ్మ ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, మైసమ్మకు కాదు, మున్షికి అని అరిచింది. ముసలామె సరే సరే అని తల ఊపి, ఇంకో మూట ఇచ్చింది. ఏం చేయాలో తెలియక చంద్రమ్మ తిరిగొచ్చేటప్పుడు రేగులకుంట కట్ట మీద ఒక మూట మైసమ్మ ముందు పెట్టి, రెండో మూట మున్షికి పంపింది.

వానలు మొదలయ్యేముందు రాజయ్య మున్షి కొండాపూర్ వచ్చాడు. సన్నగా పొడుగ్గా, కుచ్చున్న రుమీ టోపీతో ఉండి, మాటకు ముందు దగ్గేవాడు. ఎల్లేశం, చంద్రమ్మ చెరో పక్కన కూర్చున్నారు. ఎల్లేశం తన తండ్రి చెలక చదును చేసిన హక్కు గురించి మొదలుపెట్టాడు. చంద్రమ్మ అందుకుంది. ఇద్దరి గొంతులూ లేచాయి. రాజయ్య చెయ్యెత్తాడు.

"నీళ్ళు ఎవరివో నేను అడగలేదు. పేషీలు ఏ నెలల్లో పడ్డాయి? జడ్జి ఎప్పుడైనా కుంట చూశాడా? మీకు లోపల మాట్లాడింది సమజయిందా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాటలు. జవాబు చెబుతూ ఎల్లేశం కాస్త చిన్నబుచ్చుకున్నాడు. "కుంట ఎందుకు చూస్తడు పంతులూ, ఆయన పట్నంల ఉంటడు గద," అన్నాడు. రాజయ్య అదీ రాసుకున్నాడు.

ఆ ఏడు కుంట నిండింది. మత్తడి మీదుగా నీళ్ళు దూకాయి. ఏటా ఆ సమయానికే ఊళ్ళో కొట్లాట లేచేది. ఎల్లేశం కాలువ గట్టు మీద చంద్రమ్మకు ఎదురై ఆగాడు.

"వదినె, తహకీకాత్ నడుస్తున్నది గద. గది తేలేదాక ఒక దినం నీకు ఇడుస్త, ఒక దినం నేను పారించుకుంట."

"తహకీకాత్ మన నీళ్ళ గురించి గాదని మున్షి చెప్పె గద."

"చెప్పిండు. అయినా నడుస్తున్నది గద."

ఆ లెక్క ఏమిటో ఆమెకు పట్టుబడలేదు. మడిలోకి నీళ్ళు వచ్చాయి. ఆమె ఇంకేమీ అడగలేదు.

చలికాలంలో రాజయ్య తాను రాసిందంతా తెచ్చాడు. వెంకటనారాయణ వెంట వచ్చాడు. గింజలిచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించాలని వకీలు పట్టుబట్టాడట. ఒక మధ్యాహ్నం ఎల్లేశం అరుగు మీద చాప వేశారు. కోకాపేట నుంచి రామన్న, ఇంకొన్ని ఊళ్ళ నుంచి నలుగురైదుగురు వచ్చారు. రాజయ్య ఉర్దూలో రాసింది తెలుగులో చెబుతూ పోయాడు. నీళ్ళ కేసుల్లో ఎక్కువ భాగం నీళ్ళ దాకా రానేలేదన్నాడు. వకీలు రాలేదని, జడ్జి సెలవులో ఉన్నాడని, ప్రతివాది చనిపోయాడని, వారసుడి పేరు తప్పు పడిందని వాయిదాలు పడుతూ పోయాయన్నాడు.

"మా కేసు?" అంది చంద్రమ్మ.

"మీ కేసులో నీళ్ళ మాట ఒకే ఒక్కసారి వచ్చిందమ్మా. కాలువ చూసి రమ్మని కచేరి తన మనిషి అమీనును పంపింది. అమీను ఎండాకాలంలో వచ్చాడు. కాలువలో నీళ్ళు లేవు, కాబట్టి తగాదా ఏదీ కనపడలేదు అని రాసిచ్చాడు."

ఎల్లేశం పకపకా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఎల్లేశం చంద్రమ్మను చూసి ఆపేశాడు. ఆమె లేచి పెరట్లోకి పోయింది.

భూలక్ష్మి వెనకాలే పోయేసరికి చంద్రమ్మ బర్రెల కొట్టం గుంజ పట్టుకొని నిలబడి ఉంది. "గా అమీను వస్తున్నడని ఆయన ఎంత సంబరపడ్డడో ఎరుకనా చెల్లె," అంది. "కోడిని కోపిచ్చిండు. పక్క ఇంట్లకెళ్ళి మంచం తెచ్చి ఏసిండు. ఇగ తేలిపోయిందే చంద్రి, కచేరే మనింటికి వచ్చింది అన్నడు. గాయన రాసింది గిదా?" భూలక్ష్మి కొంగుతో ఆమె మొహం తుడిచింది.

కాసేపటికి చంద్రమ్మ తిరిగొచ్చి చాప మీద కూర్చుంది. "పంతులూ, అయితే నీళ్ళు ఎవరివి?"

"అది ఇందులో లేదమ్మా."

"ఇన్ని వడ్లు పోసినం. ఎవ్వరు అడగలేదని ఎరుకైంది. అంతేనా?"

రాజయ్య దగ్గాడు. వకీలు అందుకొని, చివర్లో కొన్ని మాటలు రాశామన్నాడు. నీళ్ళ తగాదాను నీళ్ళు పారే కాలంలో పోయి చూడాలని, మనిషి పోయినంత మాత్రాన కేసు మొదటికి రాకూడదని, కచేరిలో అన్న మాట కక్షిదారుకు తన భాషలో చెప్పాలని రాశామన్నాడు.

"గట్ల చేస్తరా?" అన్నాడు రామన్న.

"పంపుతున్నం."

"పంపుతున్నరు సాబ్. చేస్తరా?"

"పంపుతున్నం," అన్నాడు వెంకటనారాయణ మళ్ళీ, ఈసారి కాస్త నెమ్మదిగా.

పంపారు. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. జవాబు రాలేదు. గింజలిచ్చినవాళ్ళు ఎదురుపడితే చంద్రమ్మను అడిగేవాళ్ళు. ఏం చెప్పాలో తెలియక ఆమె వేరే తొవ్వన పోవడం మొదలుపెట్టింది. మరుసటి వానాకాలం రామన్న దగ్గర నుంచి కబురొచ్చింది. కోకాపేట కాలువ చూడటానికి జడ్జి వస్తున్నాడట, వెంటనే రమ్మన్నాడు.

గచ్చిబౌలి గుట్టల మీదుగా బురద తొక్కుకుంటూ ఆమె పోయేసరికి కుంట కట్ట మీద ఊరంతా ఉంది. మధ్యలో ఒక నడివయసు మనిషి ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఉత్త కాళ్ళతో నిలబడి ఉన్నాడు. ఆయన బూట్లు చప్రాసి చేతుల్లో ఉన్నాయి. ఆయన ఉర్దూలో అడుగుతుంటే పక్కనున్న గుమాస్తా దాన్ని తెలుగులో గట్టిగా అరిచి చెబుతున్నాడు. రామన్న తడబడుతూ జవాబు చెబుతున్నాడు. జడ్జి వంగి కాలువలో చెయ్యి పెట్టి నీళ్ళు ఎటు లాగుతున్నాయో చూశాడు.

చంద్రమ్మ అట్లాగే చూస్తూ నిలబడింది. కళ్ళు మసకబారాయి. గుమాస్తా కాస్త ఇవతలికి రాగానే అడిగింది.

"అయ్యా, రాజయ్య మున్షి రాసినందుకేనా ఈ సారు వచ్చింది?"

"ఏ రాజయ్య?"

"నీళ్ళ తహకీకాత్ రాసిన రాజయ్య."

"నాకు తెల్వదమ్మా. పైనుంచి హుకుం వచ్చింది."

"పైన ఎవరు?"

"పైన అంటే పైననే," అని గుమాస్తా పోయాడు. పక్కనున్న చప్రాసి మాత్రం హుకుమూ లేదు ఏమీ లేదన్నాడు. ఈ సారు సేద్యం చేసే ఇంటి మనిషి, ఎక్కడికి పోయినా ఇట్లాగే బురదలో దిగుతాడు అన్నాడు. ఎవరి మాట నిజమో ఆమెకు తేలలేదు. మళ్ళీ అడుగుదామంటే జడ్జి కాళ్ళు కడుక్కొని బండెక్కుతున్నాడు.

కొన్నాళ్ళకు చంద్రమ్మ, ఎల్లేశం కలిసి పట్నం పోయారు. వెంకటనారాయణ కోకాపేట సంగతి విని కుర్చీలోంచి లేచాడు. రెండుసార్లు చెప్పించుకున్నాడు. "మనం రాసిందే అయ్యుండొచ్చు," అన్నాడు. మళ్ళీ కుర్చీలో కూర్చుంటూ, "కాకపోవచ్చు గూడ," అన్నాడు. ఆ తర్వాత కాగితం ముందుకు లాక్కొని, "ఇప్పుడు మీ కేసు మల్ల ఏద్దామా? ఇయ్యాల కాకపోతె రేపన్న జడ్జి మీ కాలువ గూడ చూస్తడు," అన్నాడు.

చంద్రమ్మ ఎల్లేశం వైపు చూసింది. ఎల్లేశం రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"సాబ్, తహకీకాత్ తేలిందా?" అని అడిగాడు.

"తేలుడంటే... పంపినం. జవాబు రాలె."

"అయితె ఇంక నడుస్తున్నట్టే గద?"

వకీలు అవునని అనలేకపోయాడు, కాదనీ అనలేకపోయాడు.

"నడుస్తున్నట్టే," అంది చంద్రమ్మ. "ఇప్పుడే ఎందుకు సాబ్ కేసు."

ఇద్దరూ లేచారు. రైల్లో ఎల్లేశం రొట్టె సగం చేసి ఇచ్చాడు. ఈసారి పొలిమేర దాటాక కూడా మాట్లాడుకుంటూనే ఊళ్ళోకి వచ్చారు. ఏం మాట్లాడారని భూలక్ష్మి అడిగితే, ఎద్దు కాలు నొప్పి గురించి అన్నాడట ఎల్లేశం.

ఒక దినం నీకు, ఒక దినం నాకు అన్న ఏర్పాటు ఆ తర్వాత కూడా సాగింది. మధ్యలో రెండుసార్లు చెడింది. ఒకసారి మాటలూ పడ్డాయి. కేసు మాత్రం మళ్ళీ పడలేదు. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆమెను తహకీకాత్ చంద్రమ్మ అనడం మొదలుపెట్టారు. నీళ్ళ తగాదా వచ్చినవాళ్ళు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఇంత దూరం నడిచి వచ్చిన మనిషికి ముందు మజ్జిగ పోసేది. వాళ్ళ గోడు చివరి దాకా వినేది.

"మరి నువ్వు చేయించినవు గద అవ్వా, దాంతోని ఏమైంది?" అని అడిగితే మాత్రం చెంబు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకునేది.

"నాకు ఇప్పటికి సమజ్ కాలె బిడ్డా. వకీలు సాబ్‌ను అడుగు," అని వెంకటనారాయణ ఇంటికి తొవ్వ చెప్పి పంపేది.